సార్జంట్ కథల్లో పేరు లేని డింప్నా

మా అక్క డింప్నా గురించి కిల్‌తోరన్‌లో ఎవరిని కదిపినా ఒకే కథ చెబుతారు. ఒక శనివారం, బజారు నిండా జనం ఉండగా, తన సెలూన్ గుమ్మంలో నిలబడి, తలలు కడిగిన నీళ్ళ బేసిన్ ఎత్తి మొగుడి నెత్తిన కుమ్మరించింది. ఫింటన్ ఒంటి మీద కొత్త సూటు, మెడలో టై, చెవుల వెనక సబ్బు నురగ. ఎదురుగా మాంసం కొట్టు మలాకీ బయటికొచ్చి, "తల కడిగావు సరే, రోలర్లు కూడా చుట్టి పంపు తల్లీ" అన్నాడట. చెప్పేవాళ్ళు ఇక్కడ ఆగి నవ్వుతారు. వినేవాళ్ళూ నవ్వుతారు. పాపం ఫింటన్, ఆ గయ్యాళితో ఎలా వేగుతున్నాడో అనుకుంటూ ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఆ కథ బేసిన్‌తో మొదలవుతుంది. బేసిన్‌కి ముందు ఏం జరిగిందని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. వెనక వంటగదిలో వాడు ఆమె జుట్టు పిడికిట్లో చుట్టుకుని, నుదురు తలుపు అంచుకేసి కొట్టాడు. ముందు గదిలో జుట్టు ఆరబెట్టే మిషన్ల కింద కూర్చున్న ఆడవాళ్ళకి ఆ హోరులో ఏమీ వినపడలేదు. డింప్నా పరుగెత్తుకొచ్చి చేతికి దొరికింది అందుకుంది. వాడు నవ్వుతూ, చేతులు చాచి, వెనక్కి వెనక్కి వీధిలోకి నడిచాడు. ఎక్కడ నిలబడితే పదిమందికీ కనిపిస్తాడో వాడికి బాగా తెలుసు.

ఆ కథ తప్ప ఆమెకింకేమీ మిగల్చలేదు ఊరు. అందుకే మిగతాది నేను చెబుతాను.

డింప్నా పొట్టిది, బలమైన చేతులు, ఎప్పుడూ రంగు మరకల వేళ్ళు. ఆదివారం పూజకి ముందు ఊళ్ళో ఆడవాళ్ళ తలలన్నీ ఆమె చేతుల మీదుగానే చర్చికి వెళ్ళేవి. పెద్దావిడ ఎవరైనా పోతే, శవాన్ని పడుకోబెట్టిన గదిలోకి ముందు ఫాదర్ వెళ్ళేవాడు, తర్వాత డింప్నా. పాపిట ఏ పక్క తీసేదో, చెవి మీద జుట్టు రింగు ఎలా పడాలో డింప్నాకే తెలుసని ఇంటివాళ్ళు కబురు పెట్టేవాళ్ళు. దువ్వుతూ ఆ చనిపోయినవాళ్ళతో మాట్లాడేది. "కదలకు అగాతా. బతికున్నన్నాళ్ళూ కుర్చీలో కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఇవాళన్నా నా మాట విను." బయట టీ కప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు అది విని ఏడుస్తూ నవ్వేవాళ్ళు. ఆ పనికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. గుడ్లో, ఒక రొట్టో ఇస్తే మాత్రం కాదనేది కాదు.

ఫింటన్‌ని ఎందుకు చేసుకుందని నన్ను అడగొద్దు. మనిషి అందగాడు, బాగా పాడతాడు, పెళ్ళిళ్ళలో ముసలమ్మలందరితోనూ డాన్సు చేస్తాడు. వాడిని బావా అని నేను ఒక్కసారి కూడా పిలవలేదు, అంతవరకే చెప్పగలను.

ఇక మా ఊరి పోలీసు సార్జంట్ కోల్మన్ టూహీ. ఆయన గురించి కథలు డజన్ల కొద్దీ ఉన్నాయి మా ఊళ్ళో. వేళ దాటాక కూడా తాగుతున్నవాళ్ళున్న పబ్బు తలుపు తట్టి, "బయట లైటు లేని సైకిలెవరిదో గాని, నేను చర్చి దాకా నడిచి తిరిగొచ్చేలోపు తీసేయాలి" అని కేకేసి వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి పబ్బు ఖాళీ. అసలు బయట సైకిలే లేదు. చర్చిలో దూరిన గాడిదకి సమన్లు రాసి మెడలో కట్టాడట. బురద గుంటలో పడ్డ దూడ కోసం యూనిఫాంతోనే దిగాడట. మా వారపత్రికలో రెండో పేజీలో 'సార్జంట్ సంగతులు' అని ఒక మూల ఇలాంటివే వేసేవాళ్ళు. సగం ఆయనే చెప్పినవి, సగం పబ్బులో పుట్టినవి. అచ్చులో పడ్డాక అన్నీ నిజాలే.

టీవీలో ఎక్కడో ఏ నగరంలోనో పోలీసులు కుర్రాళ్ళని లాఠీలతో బాదుతూ కనిపిస్తే మా వాళ్ళు శిలువ గుర్తు వేసుకుని, "మన టూహీ ఉన్నాడు, అదే చాలు" అనుకునేవాళ్ళు. పోలీసంటే వాళ్ళకి తెలిసింది ఆ రెండే. టీవీలో రాక్షసుడు, పబ్బు కథలో దేవుడు. ఫిర్యాదు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళిన మనిషి సంగతి ఏమయిందో ఏ కథలోనూ లేదు. ఉండదు. అందులో నవ్వు రాదు కదా.

ఆయన గొప్పతనమంతా ఒక్కటే అని ఊరంతా చెప్పుకునేది: దేన్నీ కాగితం మీద పెట్టడు. "కోర్టులెందుకు, నేనొక మాట వేస్తాలే" అంటాడు. సంతలో గొడవపడ్డ రైతులకి ఒక మాట. చర్చి కప్పు రేకులెత్తుకెళ్ళిన కుర్రాడికి ఒక మాట. దాంతో సరి.

డింప్నా మొదటిసారి స్టేషన్ గడప తొక్కినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన బల్ల మీద కాళ్ళు పెట్టుకుని టీ తాగుతున్నాడు. ఆమెని చూడగానే మొహం వెలిగింది.

"రామ్మా రా. ఈసారి ఎవరి నెత్తిన పోశావు?"

"నా పెదవి చూడండి సార్జంట్ గారూ."

"చూశాను. కూర్చో."

"రాసుకోండి."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? కోర్టు. కోర్టు అంటే పేపర్లో పేరు. మీ అమ్మ ఆదివారం ఏ మొహంతో పూజకెళ్తుంది? నీ సెలూన్‌కి ఎవరొస్తారు?"

"రేపు నా పళ్ళు రాలగొడితే అప్పుడు రాస్తారా?"

"అదిగో, ఆ నోరే నీతో వచ్చిన చిక్కు. ఫింటన్ చెడ్డవాడు కాదమ్మా. నేనొక మాట వేస్తాలే."

వేశాడు. సంతలో భుజం మీద చెయ్యేసి, పక్కకి తీసుకెళ్ళి, ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఆ వారం డింప్నా చెయ్యి కట్టుతో సెలూన్‌కి వచ్చింది. తర్వాత మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ ఒక మాట. ఆమె ఎన్నిసార్లు వెళ్ళిందో చెప్పే అక్షరం ఆ స్టేషన్‌లో ఒక్కటీ లేదు. ఆ లేకపోవడాన్నే ఊరు మంచితనం అనేది.

అప్పటికి మా దేశంలో విడాకులు లేవు. వెళ్ళిపోవడం ఒక్కటే దారి. వసంతకాలంలో, ఫింటన్ సంతకి వెళ్ళిన పొద్దున, డింప్నా ఒక సంచీతో బస్సెక్కి లిమరిక్ నగరంలో మా అట్రాక్టా పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలిసింది అమ్మకి, నాకు, పిన్నికి. ఇంకొకరికి కూడా చెప్పింది: సార్జంట్‌కి. ముందు రోజు వెళ్ళి చెప్పింది. "ఫింటన్ వచ్చి నేను కనబడటం లేదంటాడు. మీరు ఊరంతా గాలిస్తారు. బతికే ఉందని మాత్రం చెప్పండి. ఎక్కడుందో చెప్పకండి." ఆయన సరేనన్నాడు. తన గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడని డింప్నా ఫోన్‌లో నాతో అంది.

లిమరిక్‌లో ఆమె ఉన్నది రెండు వారాలు కూడా కాదు. పిన్ని ఇంటి దగ్గర ఒక సెలూన్‌లో పని దొరికింది. ఫోన్‌లో ఆమె గొంతు చిన్నప్పటి గొంతులా ఉండేది. "ఇక్కడ ఎవరికీ బేసిన్ కథ తెలియదే బెర్నీ. నన్ను చూసి ఎవరూ ముందే నవ్వరు" అంది.

ఒక పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద ఫింటన్. చేతిలో పెద్ద పూలగుత్తి. పిన్ని పొయ్యి కెలికే ఇనుప చువ్వ పట్టుకుని అడ్డం నిలబడింది. వాడు మెట్టు మీదే మోకాళ్ళు వేసి, వీధి వీధంతా బయటికొచ్చేలా ఏడ్చాడు. ఎదురింటావిడ, "అంత ప్రేమున్న మొగుణ్ణి ఎండలో నిలబెడతారా అమ్మా" అని పిన్నిని తిట్టింది. వాడు సాయంత్రం దాకా కదల్లేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. కొత్త సెలూన్ ముందు కూడా నిలబడ్డాడు. మూడో రోజు డింప్నా సంచీ సర్దుకుంది.

"వెళ్ళకే, నేనున్నానుగా" అంది పిన్ని.

"ఎక్కడున్నా దొరుకుతానని తెలిసిపోయింది పిన్నీ. ఇంక ఎక్కడికెళ్ళినా ఒకటే" అంది డింప్నా.

చిరునామా వాడికి ఎలా తెలిసింది? ఆ ప్రశ్న మా ఇంటిని రెండు ముక్కలు చేసింది. మాటిచ్చిన సార్జంట్ మీదికి మాత్రం ఎవరి అనుమానమూ పోలేదు. పిన్ని ఫోన్‌లో అమ్మ మీద విరుచుకుపడింది. "నీ నోరే డీలియా! పోస్టాఫీసులో నిలబడి వాగుంటావు!" అమ్మ వాగలేదు. కానీ డింప్నా చలి కోటు మర్చిపోయి వెళితే దాన్ని పార్సిల్ కట్టి పంపింది. పైన పిన్ని చిరునామా రాసింది, పోస్టాఫీసు ఆవిడ తూకం వేసింది, వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆ కోటే తన కూతుర్ని పట్టిచ్చిందని అమ్మ నమ్మింది. అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

నవంబరులో డింప్నా చనిపోయింది. మెట్ల మీంచి పడిందని ఫింటన్ చెప్పాడు. కార్పెట్ అంచు లేచి ఉందన్నాడు.

ఆమె తల దువ్వడానికి ఎవరికి కబురు పెట్టాలి? ఊళ్ళో ఆ పని చేసేది ఆమె ఒక్కతే. నేను దువ్వాను. కుడి చెవి వెనక అరచేతి మేర జుట్టు లేదు. కొత్తగా ఊడింది కాదు, మళ్ళీ మళ్ళీ పీకితే చర్మం నున్నగా అయిపోయింది. దాని పైన ఎప్పటిదో మానిన గాయం, తాడులా తగిలింది వేలికి. పైజుట్టుని దాని మీదకి దువ్వి, పిన్నులు పెట్టి, ఎవరికీ కనబడకుండా ఎలా కప్పుకునేదో నాకు అప్పుడర్థమైంది. తనకి తెలిసిన పనినంతా తన మీదే వాడుకుంది. నేను కప్పలేదు. అలాగే వదిలేశాను. ఫింటన్ తల్లి వచ్చి, "జుట్టు చెదిరింది" అంటూ దువ్వెనతో సర్దేసింది.

మరణ విచారణ కోర్టు హాల్లో జరిగింది. చెవి వెనక చూసింది చెప్పబోతే విచారణాధికారి చెయ్యెత్తాడు. "మీరు వైద్యులా?" కాదన్నాను. "అయితే కూర్చోండి." తర్వాత సార్జంట్ టూహీ నిలబడి, పరిశుద్ధ గ్రంథం మీద ప్రమాణం చేసి, ఆ ఇంటి నుంచి తనకి ఏనాడూ ఏ ఫిర్యాదూ రాలేదని చెప్పాడు. స్టేషన్‌లో అక్క పక్కనే ఉన్న నన్ను ఎవరూ అడగలేదు.

"భర్తతో ఇబ్బంది ఉందని ఆమె మీతో ఎప్పుడైనా అన్నారా?"

"లేదండీ. సంతోషంగా ఉండే ఇల్లు. కాస్త చలాకీ మనిషి, అంతే."

హాల్లో రెండుమూడు నవ్వులు. బేసిన్ గుర్తొచ్చింది వాళ్ళకి. చచ్చిపోయిన మనిషి మీద జరిగే విచారణలో నవ్వారు! ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని తేల్చారు. ఆ వారం పత్రిక 'మెట్ల మీద విషాదం' అని శీర్షిక పెట్టి, కింద 'చురుకైన కోపానికి పేరుపడ్డ' డింప్నా అని రాసింది. ఫింటన్ ఇల్లమ్మేసి ఇంగ్లండు వెళ్ళిపోయాడు.

మూడేళ్ళు గడిచాయి. అమ్మ పోస్టాఫీసుకి వెళ్ళడం మానేసింది. చలి కోట్లు అమ్మే దుకాణం పక్కనుంచి కూడా నడిచేది కాదు.

సార్జంట్ రిటైరైన వారం జిల్లా రేడియోలో ఆయనకోసం పొద్దున కార్యక్రమమంతా కేటాయించారు. నేను సెలవులకి అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆమె రేడియో పెట్టేది చావు కబుర్ల కోసం. మా దగ్గర ఎవరు పోయారో, ఏ ఇంట్లో శవాన్ని ఉంచారో పదకొండింటి వార్తల తర్వాత రేడియోలో చదువుతారు. అవి వచ్చేదాకా మిగతాది మోగుతూ ఉంటుంది. కీరన్ అనే కుర్రాడు నడిపే కార్యక్రమం. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఫోన్ చేసి సైకిలు, గాడిద, దూడ, అన్నీ చెప్పారు. కీరన్ పకపకా నవ్వుతున్నాడు.

"మీరు పెళ్ళిళ్ళు కూడా నిలబెట్టారంట కదా సార్జంట్ గారూ?"

"ఒకటి రెండు నిలబెట్టాంలే. పేర్లొద్దు గాని, ఒకమ్మాయి ఉండేది, మాంచి చురుకు. ఏదో చిన్న విషయానికి మొగుడి మీద అలిగి లిమరిక్‌లో పిన్ని ఇంటికి చెక్కేసింది. పైగా ముందే నా దగ్గరికొచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది!"

"ఒట్టేశారా?"

"వేశాను మరి, ఆడకూతురు అడిగితే. ఆ మొగుడేమో నా బల్ల ముందు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. సరే అని పక్కకి పిలిచి, ఒక మాట వేశాను. ఇదిగో ఈ వీధి, ఈ తలుపు, పూలు పట్టుకుని వెళ్ళరా వెర్రివాడా అన్నాను. వెళ్తే, ఆ పిన్ని పొయ్యి చువ్వ పట్టుకుని తలుపులో నిలబడిందట!"

స్టూడియో అంతా నవ్వు. "చివరికి?"

"చివరికేముంది, ఇంటికొచ్చేసింది."

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. స్విచ్చి తీసేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కోటు కాదు" అంది. "బెర్నీ, నా కోటు కాదే."

నేను ఫోన్ దగ్గరికి వెళ్ళాను. రేడియో నంబరు గోడకి అతికించిన క్యాలెండర్ మీదే ఉంటుంది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"హలో, సార్జంట్ గారి గురించి మీ కథేంటండీ?"

"ఇప్పుడాయన చెప్పిన కథలో అమ్మాయి మా అక్క."

"అయ్యో, నిజమా! ఎంత బాగుందో! ఉండండి ఉండండి, మిమ్మల్ని వెంటనే కలిపేస్తా!"

ఆ పిల్ల తప్పేమీ లేదు. పూలు, ఏడుపు, ఇంటికొచ్చేసిన పెళ్ళాం, ఆ కథ విన్నవాళ్ళు ఇంకేమనుకుంటారు? ఫోన్‌లో కీరన్ గొంతు ఉరుకుతూ వచ్చింది.

"ఇదిగో శ్రోతల్లారా, ఆ అమ్మాయి చెల్లెలే మనతో ఉన్నారు! చెప్పండి మేడం, అక్కా బావా ఎలా ఉన్నారు?"

"అక్క చచ్చిపోయింది" అన్నాను. "మీ సార్జంట్ ఇచ్చిన చిరునామాతో మొగుడు వెళ్ళి తీసుకొచ్చి, నవంబరులో మెట్ల మీంచి పడేశాడు. తన దగ్గరికి ఆమె ఎప్పుడూ రాలేదని ఈయన దేవుడి మీద ప్రమాణం చేశాడు. ఒట్టేయించుకుందని ఇప్పుడే చెప్పాడు. రెంటిలో ఏది అబద్ధమో అడగండి ఆయన్ని. డింప్నా అని పేరు పెట్టి అడగండి—"

అకార్డియన్ పాట మొదలైంది. రేడియోలో నా మాట ఎక్కడ తెగిందో నాకు తెలియదు. పాట తర్వాత వార్తలు, వార్తల తర్వాత చావు కబుర్లు.

జిల్లా మొత్తం విన్నది. ఆయన నోటితో ఆయనే చెప్పింది. ఇక తప్పించుకోవడానికి దారేముందని అనుకున్నాను. ఒక వకీలుని పట్టుకున్నాను. ఆయన రేడియో వాళ్ళని అడిగితే, ఆ టేపు మీద ఫుట్‌బాల్ మ్యాచ్ రికార్డు చేసేశామన్నారు. సార్జంట్‌ని అడిగితే, అది వేరే దంపతుల సంగతి, ఎప్పటిదో అన్నాడు. విన్నవాళ్ళనే అడుగుదామని బజారుకెళ్ళాను.

మలాకీ కత్తి తుడుచుకుంటూ, "విన్నాను, ఎందుకు వినలేదు. నీకు బాధుంటే ఉండొచ్చు గాని, ఆ పెద్దాయన పండగ పూట అలా చేస్తారటే?" అన్నాడు.

"చిరునామా ఇచ్చానన్నాడా లేదా?"

"ఏదో నవ్వించడానికి అన్నాడు. కథల్లో నిజం వెతుకుతావేంటి?"

ఇన్నాళ్ళూ ఆ కథలే నిజమని నమ్మినవాడు! పోస్టాఫీసు ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కథ తను పెళ్ళికాకముందే విన్నానంది. పొయ్యి చువ్వ కూడా విన్నానంది. ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే విన్నాననుకుంటోంది. వారం తిరక్కుండానే మా పిన్ని ఇనుప చువ్వ పాతకాలపు కథైపోయింది, మా డింప్నా పుట్టకముందుకి వెళ్ళిపోయింది.

పత్రికలో నా గురించి రెండు వాక్యాలు వచ్చాయి. 'దుఃఖంలో ఉన్న ఒక శ్రోత' అని.

ఆదివారం మధ్యాహ్నం చర్చి పక్కనున్న పారిష్ హాల్లో సార్జంట్‌కి సన్మానం. అమ్మ చర్చికి వెళ్ళే నల్ల గౌను వేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"వాడి దగ్గరికి. నేను కాదని వాడు నలుగురిలో చెప్పాలి."

అమ్మ నోట ఆయన 'వాడు' కావడం అదే మొదటిసారి. పిన్నికి అప్పటికే ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరూ ఒకే ఫోన్‌లో అవతలా ఇవతలా ఏడ్చారు. అయినా అమ్మకి అది చాలలేదు. పిన్నికి తెలిస్తే సరిపోదు, మూడేళ్ళుగా తనని చూసి తలలు దగ్గరపెట్టుకున్న ఊరికి తెలియాలి.

హాల్లో బల్లల మీద సాండ్‌విచ్‌లు, పెద్ద కేకు, మూల అకార్డియన్. ఆయన వేదిక ముందు నిలబడితే జనం వరసలో వెళ్ళి చెయ్యి కలుపుతున్నారు. అమ్మ వరసలో నిలబడింది. నేను వెనకే. అమ్మ ముందుకి వెళ్ళేకొద్దీ మాటలు తగ్గిపోయాయి.

"డీలియా! వచ్చావా, సంతోషం."

"సంతోషం చెప్పడానికి రాలేదు. లిమరిక్ చిరునామా ఫింటన్‌కి ఎవరిచ్చారు?"

"ఇవాళ కాదమ్మా. తర్వాత పక్కకి వచ్చావంటే, ఒక మాట—"

"పక్కకి వద్దు. నీ పక్క మాటలు చాలు. నా కూతుర్ని నేనే పట్టిచ్చానని మూడేళ్ళు చచ్చాను. నువ్వని చెప్పు. ఇక్కడే. గట్టిగా చెప్పు."

ఆయన అమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నొక్కి పట్టుకున్నాడు, చుట్టూ చూశాడు. కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు దొంగవని నేననను.

"మంచికే చెప్పాను డీలియా" అన్నాడు, అమ్మకి మాత్రమే వినపడేంత. "దేవుడి సాక్షిగా, మంచికే చెప్పాను."

నేను విన్నాను. నా వెనక మలాకీ. గబుక్కున వెనక్కి తిరిగాను.

"విన్నావా?"

"ఏం వినాలి? నేను సాండ్‌విచ్‌ల వంక చూస్తున్నా."

అమ్మ చెయ్యి ఇంకా లాక్కుంటూనే ఉంది, ఆయన ఇంకా వదల్లేదు. పత్రిక ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ వెలిగింది.

గురువారం అది మొదటి పేజీలో వచ్చింది. సార్జంట్ తడి కళ్ళు, మా అమ్మ చెయ్యి ఆయన చేతుల్లో. కింద: 'పాత గాయాలు మరిచి, సార్జంట్ టూహీకి నవ్వుతూ వీడ్కోలు పలుకుతున్న డీలియా.' సంపాదకుడి గదికి వెళ్ళాను.

"సవరణ వెయ్యండి. ఆమె వీడ్కోలు చెప్పలేదు."

"ఏమని వెయ్యమంటావమ్మా? చేతులు కలవలేదనా? కలిశాయిగా. ఈ ఏడాదికంతటికీ ఇదే మంచి ఫోటో. ఎంతమంది ఫోన్ చేసి ఏడ్చారో తెలుసా?"

ఆ ఫోటో ముందు నా మాట ఎవరు వింటారు? "మీ అమ్మే క్షమించేసింది, నీదేంటి బాధ?" అని మొహం మీదే అనేవాళ్ళు. అమ్మ కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పింది, తను క్షమించలేదని. వాళ్ళు ఆమె భుజం తట్టి, "నీది పెద్ద మనసు డీలియా" అనేవాళ్ళు. కొన్నాళ్ళకి చెప్పడం మానేసింది.

పోయిన చలికాలంలో అమ్మ పోయింది. ఇంట్లో పడుకోబెట్టిన మూడు రోజులూ వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఆ ఫోటో గురించే చెప్పారు. ఎప్పుడూ చూడని కుర్రవాళ్ళు కూడా చెప్పారు. టూహీకి ఇప్పుడు జ్ఞాపకం సరిగా లేదట, అనాథలా ఉన్నాడట, చూసుకునేవాళ్ళు లేరట, దానికి నేను జాలిపడాలని కూడా ఒకావిడ అంది. టీ పొయ్యడం ఆపి ఆమెని బయటికి పంపేశాను. ఊరు దానికి కూడా ఒక కథ కట్టే ఉంటుంది.

ఆ ఫోటో పెద్దది చేసి పారిష్ హాల్లో తలుపు పక్కన తగిలించారు. వెళ్ళినవాళ్ళు కింద రాసింది చదవకుండా ఒకసారి పైన చూడండి. అమ్మ మోచెయ్యి వెనక్కి లాగి ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. అది నవ్వు కాదు. గట్టిగా చెప్పు అంటోంది.